బ్లూ స్క్రీన్ వస్తోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

పని మధ్యలో ఉన్నట్టుండి ల్యాప్‌టాప్ స్క్రీన్ మొత్తం నీలం రంగులోకి మారిపోతుంది. ఒక ఏడుపు మొహం, ఇంగ్లిషులో నాలుగు లైన్లు, పక్కన క్యూఆర్ కోడ్. అదేంటో చదివేలోపే మెషిన్ రీస్టార్ట్ అయిపోతుంది. సేవ్ చేయని ఎక్సెల్ షీట్ పోయింది. ఆన్‌లైన్ మీటింగ్‌లోంచి బయటపడిపోయారు. అవతల మేనేజర్ "ఎక్కడికెళ్లారు?" అని మెసేజ్ పెడుతున్నాడు. ఒకసారి జరిగితే సర్లే అనుకోవచ్చు. వారానికి మూడు నాలుగు సార్లు జరుగుతుంటే, అదీ ఇంటి నుంచే పనిచేస్తూ ఆ ఒక్క ల్యాప్‌టాప్ మీదే జీతం ఆధారపడి ఉంటే, ఇంట్లో అందరికీ పరేషానే.

ఇలాంటప్పుడు చుట్టుపక్కల వినిపించే సలహా దాదాపు ఒక్కటే. "షాపుకి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించు భాయ్, సెట్ అయిపోతుంది." కొన్నిసార్లు నిజంగానే సెట్ అవుతుంది. మరికొన్నిసార్లు పది రోజులు బాగానే నడిచి, మళ్లీ అదే నీలి తెర. ఎందుకంటే ఫార్మాట్ చేస్తే విండోస్ కొత్తదవుతుంది గానీ, పాడైన ర్యామ్ కొత్తది కాదు, అరిగిపోయిన ఎస్ఎస్‌డీ బాగుపడదు. పైగా క్రాష్ ఎందుకు వచ్చిందో మెషిన్ తనలో తాను రాసిపెట్టుకున్న రికార్డు కూడా ఫార్మాట్‌తో పాటే తుడిచిపెట్టుకుపోతుంది. దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగేస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

కాబట్టి ముందు ఆధారాలు, తర్వాతే మరమ్మతు. ఆ ఆధారాల్లో చాలావరకు కంప్యూటర్ చదువు లేనివాళ్లు కూడా సేకరించుకోగలరు.

అసలు ఇది ఎందుకు వస్తుంది

ఇంట్లో ఎక్కడో షార్ట్ సర్క్యూట్ అయితే ఎంసీబీ టప్‌మని పడిపోతుంది కదా. కరెంటు పోయిందని మనం విసుక్కుంటాం, కానీ అది పడకపోతే వైర్లు కాలిపోయేవి. బ్లూ స్క్రీన్ కూడా అలాంటి రక్షణే. లోపల ఏదో సరిదిద్దలేని తప్పు జరిగిందని, ఇంకా నడిస్తే డేటా పాడయ్యే ప్రమాదముందని విండోస్‌కి అనిపించినప్పుడు తనంతట తానే ఆగిపోతుంది. ఆగే ముందు ఆ క్షణంలో మెమరీలో ఏముందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. దాన్ని డంప్ ఫైల్ అంటారు.

మరి వర్డ్ హ్యాంగ్ అయితే వర్డ్ ఒక్కటే మూతపడుతుంది, ఇక్కడ మొత్తం మెషినే ఎందుకు ఆగుతుంది? ప్రోగ్రాములు రెండు స్థాయిల్లో నడుస్తాయి. బ్రౌజర్, వర్డ్, వాట్సాప్ లాంటివి బయటి స్థాయిలో. లోపలి స్థాయిని కెర్నల్ అంటారు. వైఫై, గ్రాఫిక్స్, సౌండ్ లాంటి భాగాలను నడిపించే డ్రైవర్లు ఎక్కువగా ఈ లోపలి స్థాయిలోనే ఉంటాయి. యాంటీవైరస్‌లు, వీపీఎన్‌లు కూడా తమ డ్రైవర్లను ఇక్కడే పెట్టుకుంటాయి. బయట బల్బు మాడితే బల్బొక్కటే పోతుంది. మెయిన్ బోర్డులో తేడా వస్తే ఇల్లంతా చీకటే.

అన్నట్టు, 2025 నుంచి విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఈ తెర నల్లగా వస్తోంది. ఏడుపు మొహం లేదు, క్యూఆర్ కోడ్ లేదు. స్టాప్ కోడ్, దాని కింద తప్పు చేసిన డ్రైవర్ ఫైల్ పేరు తెలిస్తే ఆ పేరు, అంతే. నల్ల తెర వచ్చింది కాబట్టి ఇది వేరే జబ్బు అనుకోవద్దు.

ల్యాప్‌టాప్ ఎవరిదో ముందు తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అసలు చిక్కంతా ఇక్కడే. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే అది మీ చేతిలో ఉన్న కంపెనీ ఆస్తి. దాన్ని గల్లీలో షాపుకి ఇవ్వడం, స్క్రూలు విప్పించడం, ఫార్మాట్ చేయించడం చాలా కంపెనీల్లో నిబంధనలకు విరుద్ధం. అందులో కస్టమర్ల వివరాలు ఉంటే వ్యవహారం ఉద్యోగం మీదికే రావచ్చు. కొత్తగా చేరిన పిల్లలు "నా తప్పు అంటారేమో, జీతంలో కట్ చేస్తారేమో" అని భయపడి ఐటీ వాళ్లకు చెప్పకుండా రహస్యంగా షాపుకి పరిగెత్తుతుంటారు. చెప్పకపోవడం వల్ల వచ్చే నష్టమే ఎక్కువ. బ్లూ స్క్రీన్ రావడం వాడేవాళ్ల తప్పని ఏ ఐటీ విభాగమూ అనుకోదు, వాళ్లకు ఇది రోజూ వచ్చే ఫిర్యాదే. మీ పని చూడటం, రాసుకోవడం, చెప్పడం.

సొంత ల్యాప్‌టాప్ మీద ఆఫీసు పని చేస్తుంటే మీకు స్వేచ్ఛ ఎక్కువ, బాధ్యతా ఎక్కువే. గల్ఫ్ నుంచి అన్నయ్య తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్ అయితే ముందు ఒకటి చూసుకోండి. వారంటీ ఇక్కడ చెల్లుతుందా, కొన్న దేశానికే పరిమితమా? సీరియల్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో నిమిషంలో తెలుస్తుంది. వారంటీ ఉండగా బయట విప్పించుకుంటే అనవసరంగా గొడవ.

ఎవరిదైనా సరే, మొదటి పని మాత్రం బ్యాకప్. పెళ్లి ఫోటోలు, స్కాన్ చేసిన పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు ఆ ఒక్క డిస్క్‌లోనే ఉంటే ఇవాళే ఇంకోచోట కాపీ పెట్టుకోండి. క్రాష్‌లకు కారణం డిస్కే అయితే ఎన్ని రోజులు టైముందో ఎవరూ చెప్పలేరు. ఆఫీసు ఫైళ్లను మాత్రం సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకండి, కంపెనీ ఇచ్చిన క్లౌడ్ ఫోల్డర్‌లోనే ఉంచండి.

"ఎప్పుడు పడితే అప్పుడు" అనేది నిజమేనా

క్రాష్ ఎప్పుడొస్తుందో అంతు చిక్కడం లేదు అంటాం. ఒక పాత నోట్‌బుక్ తీసుకుని రాయడం మొదలుపెడితే చాలాసార్లు ఒక వరుస బయటపడుతుంది. తేదీ, టైము, అప్పుడు ఏం చేస్తున్నారు, చార్జింగ్‌లో ఉందా బ్యాటరీ మీదా, దేనికి కనెక్ట్ అయి ఉంది, తెర మీద ఏ కోడ్ వచ్చింది. అంతే. తెర వచ్చిన వెంటనే ఫోన్‌తో ఫోటో తీయడం అలవాటు చేసుకోండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మైక్రోసాఫ్ట్ వారి ఒక సాధారణ సహాయ పేజీకి వెళ్తుంది తప్ప మీ మెషిన్‌కి ఏమైందో చెప్పదు. అసలు పనికొచ్చేది దాని పక్కన "స్టాప్ కోడ్" అని ఉండే మాటలు.

ఒక ఉదాహరణ అనుకుందాం. గుంటూరులో ఇంటి నుంచి పనిచేస్తున్న అమ్మాయి. పది రోజుల్లో ఐదు క్రాష్‌లు. విడిగా చూస్తే ఏ సంబంధమూ లేదు. నోట్‌బుక్ చూస్తే ఐదూ మధ్యాహ్నం రెండు ప్రాంతంలోనే. ఆ టైములో ప్రత్యేకంగా ఏం జరుగుతోంది? భోజనానికి, జొహర్ నమాజుకి లేచేటప్పుడు మూత మూసి వెళ్తుంది. తిరిగొచ్చి మూత తెరుస్తుంది, ఐదు పది నిమిషాల్లో నీలి తెర. అంటే ల్యాప్‌టాప్ నిద్రలోంచి లేచేటప్పుడు ఏదో ఒక డ్రైవర్ సరిగా లేవడం లేదు. ఫోటోలో స్టాప్ కోడ్ కూడా అదే చెబుతోంది: డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్. ఇక ఏ డ్రైవర్ అన్నది తేల్చాలి.

అది తేల్చడానికి విండోస్‌లోనే ఒక మంచి సాధనం ఉంది, చాలామంది దాని మొహం కూడా చూసి ఉండరు. స్టార్ట్ మెనూలో "రిలయబిలిటీ" అని ఇంగ్లిషులో టైప్ చేస్తే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" వస్తుంది. క్యాలెండర్‌లా రోజులవారీ గ్రాఫ్. క్రాష్ అయిన రోజు ఎర్ర గుర్తు, ఏవైనా అప్‌డేట్లు, ప్రోగ్రాములు ఎక్కిన రోజు నీలం గుర్తు. మొదటి ఎర్ర గుర్తు ఎప్పుడు మొదలైందో చూసి, దానికి ఒకట్రెండు రోజుల ముందు ఏం ఎక్కిందో చూడండి. మన ఉదాహరణలో మొదటి క్రాష్‌కి ముందురోజు వైఫై డ్రైవర్ అప్‌డేట్ అయినట్టు కనిపిస్తే, అనుమానించాల్సింది ముందు దాన్నే. సొంత ల్యాప్‌టాప్ అయితే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్తే "రోల్ బ్యాక్ డ్రైవర్" అనే బటన్ ఉంటుంది. పాత డ్రైవర్‌కి వెళ్లి నాలుగు రోజులు మూత మూసి తెరిచి చూడటమే. కంపెనీ మెషిన్ అయితే ఆ తేదీలు ఐటీ వాళ్లకు పంపడం. ఫార్మాట్ అవసరమే రాలేదు.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. డ్రైవర్ మార్చి, యాంటీవైరస్ తీసేసి, ర్యామ్ కూడా మార్చేసి "తగ్గింది" అంటే దేనివల్ల తగ్గిందో ఎవరికి తెలుసు? రేపు మళ్లీ వస్తే మొదటికొచ్చినట్టే.

కోడ్ చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

స్టాప్ కోడ్ జబ్బు పేరు కాదు, లక్షణం పేరు. జ్వరం అన్నట్టు. అయినా డాక్టర్‌కి జ్వరం ఉపయోగపడినట్టే ఇదీ ఉపయోగపడుతుంది.

"ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్" అనేది అందరికీ పరిచయమైన మాట. ఒక డ్రైవర్ తనకు సంబంధం లేని మెమరీని, తాకకూడని సమయంలో తాకిందని దాని అర్థం. ఎక్కువగా డ్రైవర్లే కారణం, ముందు "డ్రైవర్" అన్న పదం కూడా చేరి వస్తే నెట్‌వర్క్ డ్రైవర్లను ముందు చూడాలి. "వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్" అంటే గ్రాఫిక్స్ చిప్ స్పందించలేదని. విండోస్ మామూలుగా 2 సెకన్లు ఎదురుచూసి గ్రాఫిక్స్‌ని రీసెట్ చేయడానికి ప్రయత్నిస్తుంది, అదీ కుదరకపోతే ఈ తెర. వీడియో మీటింగుల్లో, రెండో మానిటర్ పెట్టినప్పుడు వచ్చే క్రాష్‌లలో ఇది కనిపిస్తుంటుంది. "కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్" అని వస్తే తేలిగ్గా తీసుకోకండి. డిస్క్‌లోంచి చదవాల్సింది చదవలేకపోయానని చెబుతోంది. బ్యాకప్ ఇంకా చేయకపోతే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు అది చేయండి. "డబ్ల్యూహెచ్ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్" అంటే ప్రాసెసరో, మరో భాగమో హార్డ్‌వేర్ తప్పు జరిగిందని స్వయంగా ఫిర్యాదు చేసిందన్నమాట. ఇక్కడ ఫార్మాట్ మీద ఆశలు పెట్టుకోవడం దండగ.

ప్రతిసారీ ఒకే కోడ్ వస్తుంటే ఒకే డ్రైవర్ మీద అనుమానం బలపడుతుంది. ఇవాళ ఒక కోడ్, రేపు ఇంకొకటి, ఎల్లుండి మూడోది, వాటిలో "మెమరీ మేనేజ్‌మెంట్" కూడా ఉంటే ర్యామ్ వైపు చూడాలి. పాడైన ర్యామ్ ఎవరి డేటాని పాడు చేస్తే వాళ్లు పడిపోతారు కాబట్టి కోడ్ మారుతూ ఉంటుంది. నా లెక్కలో కోడ్ ఏమిటన్నదానికన్నా, కోడ్ మారుతోందా లేదా అన్నదే ముందు చూడాల్సిన విషయం.

అసలు తెరే రాకుండా టక్కున ఆగిపోతుంటే అది వేరే కథ. ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్ పవర్ 41" అనే ఎంట్రీ చూసి చాలామంది కంగారుపడతారు. దాని అర్థం "పోయినసారి నేను పద్ధతిగా షట్‌డౌన్ కాలేదు" అని మాత్రమే. ఆ ఎంట్రీ వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే విండోస్ క్రాష్ ఏదీ నమోదు కాలేదని అర్థం. బ్యాటరీ, చార్జర్, వేడి వైపు చూడాలి.

వేడి, ర్యామ్, డిస్క్

చాలా ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల గది ఉష్ణోగ్రత వరకు పనిచేసేలా తయారుచేస్తారు. మేలో విజయవాడలోనో రామగుండంలోనో రేకుల కింద గదిలో, పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతాం. పరుపు కింద గాలి రంధ్రాలను పూర్తిగా మూసేస్తుంది. వేడెక్కిన మెషిన్ ముందు నెమ్మదిస్తుంది, మరీ ఎక్కువైతే తెర ఏదీ చూపకుండానే ఆగిపోతుంది. గట్టి బల్ల మీద పెట్టడం, ఏడాదికోసారి ఫ్యాన్ దుమ్ము దులిపించడం ఖర్చు లేని వైద్యం. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు, అడుగు భాగం సమంగా ఆనడం లేదనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. అప్పుడు చార్జింగ్ తీసేసి, వాడటం ఆపేసి, పిల్లలకు దూరంగా పెట్టాలి. నొక్కి సరిచేయాలని చూడొద్దు, మంటలు రేగే ప్రమాదం ఉంది.

ర్యామ్ పరీక్షకు స్టార్ట్ మెనూలో "విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్" ఉంది. రీస్టార్ట్ అయి పరీక్ష నడుస్తుంది కాబట్టి రాత్రి పడుకునే ముందు పెట్టండి. తప్పు చూపిస్తే దాదాపు ఖాయం అనుకోవచ్చు. ఏమీ చూపించకపోతే మాత్రం ర్యామ్ పూర్తిగా బాగున్నట్టు కాదు, అప్పుడప్పుడు మాత్రమే వచ్చే తప్పులు ఈ పరీక్షకు దొరకకపోవచ్చు. రెండు ర్యామ్ ముక్కలున్న పాత ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటి తీసి నడిపి చూడటం నమ్మకమైన పద్ధతి. ఇప్పుడొస్తున్న పల్చటి వాటిలో చాలావరకు ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, విడిగా తీయడం కుదరదు. కొనేటప్పుడే ఇది అడిగి తెలుసుకుంటే మంచిది.

డిస్క్ సంగతికొస్తే, విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ స్టోరేజ్ సెట్టింగ్స్‌లో "డిస్క్స్ అండ్ వాల్యూమ్స్" తెరవండి. మీ ఎస్ఎస్‌డీ ప్రాపర్టీస్ చూస్తే ఎన్‌వీఎంఈ రకం అయితే ఎంత ఆయుష్షు మిగిలిందో శాతంలో చూపిస్తుంది.

ఇంకో చిన్న మాట. విండోస్‌లో "ఫాస్ట్ స్టార్టప్" ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా కెర్నల్ పూర్తిగా కొత్తగా మొదలవదు, దాచిపెట్టిన పాత స్థితినే మళ్లీ తెస్తుంది. నిజంగా మొదటి నుంచి మొదలవ్వాలంటే "రీస్టార్ట్" నొక్కాలి. నెలల తరబడి ఒక్క రీస్టార్ట్ కూడా చేయకుండా మూత మూసి తెరవడంతోనే నడిపేవాళ్లు ముందు ఇది చేసి చూడండి. కొన్న డాక్, హబ్, హెడ్‌సెట్ డాంగిల్ లాంటివి అన్నీ పీకేసి రెండు రోజులు ఉత్త ల్యాప్‌టాప్ నడపడం కూడా మంచి పరీక్షే. డ్రైవర్లు కావాలంటే డెల్, లెనోవో, హెచ్‌పీ ఇలా తయారుచేసినవాళ్ల వెబ్‌సైట్ నుంచో, విండోస్ అప్‌డేట్ నుంచో తీసుకోండి. "మీ డ్రైవర్లు అన్నీ ఒకే క్లిక్‌తో అప్‌డేట్ చేస్తాం" అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి.

తప్పు మీ మెషిన్‌ది కానప్పుడు

కొన్నిసార్లు మీరు ఎంత వెతికినా ఇంట్లో కారణం దొరకదు, ఎందుకంటే అది ఇంట్లో లేదు. 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. ఆ అప్‌డేట్ మన టైము ప్రకారం ఉదయం 9:39కి బయల్దేరింది, 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే అందుకున్న మెషిన్లు ఆన్ అవగానే నీలి తెర, మళ్లీ రీస్టార్ట్, మళ్లీ నీలి తెర. హైదరాబాద్ నుంచి వెళ్తున్న ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో ఆరోజు అందరి ఫోన్లలో తిరిగింది, గుర్తుండే ఉంటుంది. దెబ్బతిన్నవన్నీ కంపెనీల మెషిన్లే, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ వాడేది సంస్థలు. ఆరోజు ఇంట్లో ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించుకున్నవాళ్లుంటే అనవసరంగా చేయించుకున్నట్టే. ఒక్క ఫైల్ తీసేస్తే సరిపోయేది. కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌కి సమస్య రాగానే టీమ్ గ్రూపులో ఒక్క మాట అడగండి, ఇంకెవరికైనా వస్తోందా అని. ముగ్గురికి వస్తోందంటే కారణం పైనుంచి వచ్చిన అప్‌డేటే కావచ్చు.

ఆ ఒక్క ఫైల్ తీసేయడానికి కూడా చాలాచోట్ల రోజులు పట్టింది. అడ్డుపడ్డవాటిలో ఒకటి బిట్‌లాకర్. డిస్క్‌లోని డేటాని తాళం వేసి ఉంచే ఏర్పాటిది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలన్నా, బయోస్ మార్చాలన్నా కొన్నిసార్లు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కంపెనీ ల్యాప్‌టాప్ కీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. సొంతదైతే, మీరు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే, సాధారణంగా ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. కొత్త విండోస్ 11 మెషిన్లలో చాలావాటికి ఈ తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. అది ఎవరి ఈమెయిల్‌తో సెట్ చేశారో కూడా చాలామందికి గుర్తుండదు. కొన్నప్పుడు షాపువాడో, బావమరిదో సెట్ చేసి ఉంటారు! ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే ఆ కీ కనుక్కుని కాగితం మీద రాసి, పాస్‌పోర్టులు పెట్టుకునే ఫైల్‌లో పెట్టండి. అది లేకపోతే డిస్క్ బాగున్నా లోపలి ఫోటోలు ఎవరూ తీయలేరు.

ఫోన్ నంబర్ చూపించే నీలి తెర

అసలైన బ్లూ స్క్రీన్ ఎప్పుడూ ఫోన్ నంబర్ ఇవ్వదు. మాట్లాడదు. డబ్బులు అడగదు. "మీ కంప్యూటర్‌కి వైరస్ వచ్చింది, వెంటనే ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని నీలి తెర మీద కనిపిస్తే, లేదా గొంతు వినిపిస్తే, అది బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక వెబ్ పేజీ, మోసగాళ్ల పని. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఏదో పేస్ట్ చేయమని సూచనలిచ్చినా అంతే. ఎస్కేప్ బటన్ నొక్కిపట్టండి, కుదరకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి. నిజమైన బ్లూ స్క్రీన్‌లో ఈ బటన్లేవీ పనిచేయవు, మౌస్ కదలదు. తేడా తెలిసిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు, అమ్మీ లాంటివాళ్లు పిల్లల ల్యాప్‌టాప్‌లో యూట్యూబ్ చూస్తున్నప్పుడు ఇలాంటిది వస్తే భయపడి ఆ నంబర్‌కి కాల్ చేస్తారు. అవతలివాడు మర్యాదగా మాట్లాడి ఎనీడెస్క్ లాంటిది పెట్టించి బ్యాంకు ఖాతాలోకి దూరతాడు. ముందే చెప్పి ఉంచండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఇలా జరిగితే సిగ్గుపడి దాచకండి, అదే నిమిషంలో ఐటీ వాళ్లకు చెప్పండి.

ఐటీ వాళ్లకు ఎలా చెప్పాలి

"సార్, ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోతోంది" అని రాస్తే అటునుంచి "రీస్టార్ట్ చేసి చూడండి" అని వస్తుంది, టికెట్ మూసేస్తారు. అదే ఇలా రాయండి: మొదటిసారి ఫలానా తేదీన వచ్చింది, ఇప్పటికి ఐదుసార్లు. టైములు ఇవి. ఐదింటిలో నాలుగుసార్లు మూత తెరిచిన పది నిమిషాల్లో. స్టాప్ కోడ్ ప్రతిసారీ ఇదే, ఫోటోలు జతచేశాను. ముందురోజు ఈ అప్‌డేట్ ఎక్కింది. డాక్ తీసేసి చూశాను, తేడా లేదు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ కింద మినీడంప్ ఫోల్డర్‌లో ఫైళ్లు ఉంటాయి, దయచేసి చూడండి. ఇంత స్పష్టంగా రాసిన టికెట్‌ని పక్కన పెట్టడం కష్టం. పని ఆగిన గంటలకు కూడా అదే మీ దగ్గరున్న లెక్క. జవాబు రాకపోతే టికెట్ నంబర్‌తో మేనేజర్‌కి కాపీ పెట్టి, తాత్కాలికంగా ఇంకో మెషిన్ అడగండి, అడగడం మీ హక్కు.

సొంత ల్యాప్‌టాప్‌ని షాపుకి తీసుకెళ్లాల్సి వచ్చినా ఆ కాగితమే చూపించండి. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, మీ ఊరి బస్టాండ్ దగ్గర షాపుకి వెళ్లినా అడగాల్సినవి ఒకటే. ఏ పరీక్ష చేశారు, ఏం చూపించింది, తీసేసిన పాత ర్యామ్ తిరిగిస్తారా, వేసిన దానికి బిల్లు, వారంటీ ఉన్నాయా. పరీక్ష గురించి అడగ్గానే "అవన్నీ ఎందుకు, ఫార్మాట్ కొడితే అయిపోతుంది" అంటే ల్యాప్‌టాప్ తీసుకుని ఇంకో షాపు చూసుకోండి.